పొగ రాని టిప్పు

"నూనె పొయ్యకుండా ఇనుము కోసే టిప్పులండీ ఇవి. ఒక్కసారి బిగించి చూడండి."

ఖాజావలి లేత్ మీంచి తలెత్తాడు. షెడ్డు గుమ్మంలో నడివయసు ఆవిడ. చేతిలో అగ్గిపెట్టంత డబ్బా.

కోతకి బిగించిన మిరప మిల్లు రోలరు లేత్ మీద తిరుగుతోంది. కోత వేడెక్కకుండా పోసే కూలెంటు నూనె మాడి, పొగ షెడ్డంతా కమ్మింది. తమ్ముడు మాలిక్ దగ్గు ఎక్కువై ఆ రోజు పనిలోకి రాలేదు.

"ఏ కంపెనీ అమ్మా?"

"కంపెనీ కాదండీ. నేనే కొనుక్కొచ్చా. వీటి మీద గట్టి పూత ఉంటుందట. ఎంత వేడెక్కినా మొద్దుబారవట. నూనె అక్కర్లేదు, పొగ రాదు."

"ఉంటుందట, మొద్దుబారవట! నువ్వెప్పుడన్నా లేత్ తిప్పావా?"

"లేదండీ."

"మరి నాకెందుకు చెప్తున్నావ్?"

ఆవిడ ఏదో అనబోయి ఆగింది.

"రోజూ ఈ పొగే పీలుస్తారు కదండీ."

"పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ పీలుస్తున్నదే. వెళ్ళమ్మా, పనుంది."

ఆవిడ డబ్బా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఖాజావలి దాన్ని సొరుగులోకి తోసేశాడు.

వానలు పడకముందే మాలిక్ పోయాడు.

ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయన్నారు డాక్టర్లు.

ఖాజావలికి ఏడుపు రాలేదు. తమ్ముడికి మట్టిచ్చి వచ్చి, మళ్ళీ షెడ్డు తెరిచాడు. వచ్చినవాళ్ళు ఓదారుస్తుంటే తలూపాడు. ఏం విన్నాడో అతనికే తెలీదు.

ఓ రోజు కోతలో టిప్పు విరిగింది. ఇంకోటి కోసం సొరుగు లాగితే ఆ డబ్బా చేతికి తగిలింది. వంకాయ రంగులో మెరుస్తున్న టిప్పు ఒకటి తీసి బిగించాడు. నూనె కట్టేశాడు.

ఇనుము నీలంగా చుట్టలు తిరిగి రాలింది. రోలరు నున్నగా వచ్చింది.

పొగ లేదు. మాలిక్ నిలబడే చోటు ఖాళీగా, స్పష్టంగా కనిపించింది.

అతను మిషను ఆపేశాడు.

కొన్నాళ్ళకి అతనికీ దగ్గు పట్టుకుంది. భార్య కరీమున్ పోరుపెట్టి ఒంగోలు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

ఎక్స్‌రే గదిలో చొక్కా విప్పి, చల్లటి పలకకి ఛాతీ ఆనించాడు.

"గాలి పీల్చి ఆపండి."

ఆ గొంతుకి వెనక్కి తిరిగాడు. తెల్లకోటులో, టిప్పులిచ్చిన ఆవిడే.

"మీరా! ఇక్కడ..."

"మీ తమ్ముడికి ఎక్స్‌రే తీసింది నేనేనండీ," అందావిడ మెల్లగా. "'మా అన్నకి తెలిస్తే లేత్ అమ్మేసైనా నాకు వైద్యం చేయిస్తాడు, చెప్పొద్దు' అని ఒట్టేయించుకున్నాడు."