తాత కట్టిన కిల్టు

"ఛీ, విప్పరా ముందు దాన్ని!" అన్నాడు ఫార్కర్.

తన పెళ్లి బట్టలు తొడిగి చూసుకుంటూ అద్దం ముందు నిలబడ్డ కొడుకు స్ట్రూఅన్ తన నడుం వంక చూసుకున్నాడు. బూడిద రంగు కిల్టు, అక్కడి మగవాళ్లు పెళ్లిళ్లకి మోకాళ్ల దాకా చుట్టుకునే కుచ్చిళ్ల ఉన్ని బట్ట. ఒక్క గడి లేదు, ఒక్క చార లేదు.

"ఏమైంది నాన్నా? బాగానే ఉందిగా."

"తడిసిన గోనెసంచి చుట్టుకున్నట్టుంది. గళ్లు లేని కిల్టేమిట్రా? మనిషి ఎవరింటివాడో గళ్లు చెప్పాలి. నిన్నిలా చూస్తే అనాథవనుకుంటారు."

"కోటు పాత తరహాదే తీసుకున్నాను. ఆచారం ప్రకారం మేజోట్లో దోపుకునే చాకు మన ఇంటిదే పెట్టుకుంటాను. కిల్టొక్కటే నా ఇష్టానికి వదిలెయ్."

"నీ ఇష్టం!" ఆముదం తాగినట్టు మొహం పెట్టాడు ఫార్కర్.

భార్య ఎఫీ పోయి నాలుగేళ్లు. అప్పట్నుంచీ ఆయనకి ఏదీ సయించడం లేదు. దీవి నుంచి వచ్చిన పడవ కంపు. తర్వాత ఎక్కిన బస్సు కంపు. ఈ ఇన్వర్నెస్ దుకాణంలో ఇచ్చిన టీ గిన్నెలు కడిగిన నీళ్లు. దాన్ని పక్కకి నెట్టి వెనక్కి జరగబోతే, కొయ్యకి వేలాడుతున్న కిల్టుల వరసకి మోచెయ్యి తగిలింది.

"ఇవేమిటమ్మా?"

"అద్దెవండీ," అంది కిల్టులు కుట్టే ఇష్బెల్, పళ్ల మధ్య గుండుసూదులు తీసి. "శనివారం పెళ్లికి కట్టుకెళ్తారు. సోమవారం తెచ్చిస్తారు."

ఫార్కర్ చటుక్కున చెయ్యి లాక్కున్నాడు. జేబురుమాలు తీసి వేలువేలూ తుడుచుకున్నాడు.

"ఊరందరి చెమటా! ఎవడి తొడలకో అంటుకున్న గుడ్డ కట్టుకుని పెళ్లాడేవాడు ఒక మనిషేనా? వాడికో వంశమా?"

"వాటివల్లే నా పొయ్యి వెలుగుతోంది లెండి."

స్ట్రూఅన్ వంగి, ముడి ఊడని బూటు తాడు మళ్లీ ముడేసుకున్నాడు.

ఫార్కర్ తను తెచ్చిన పెట్టె తెరిచాడు. కలరా ఉండల వాసన గుప్పుమంది. ఎరుపూ ఆకుపచ్చా గళ్ల కిల్టు, బరువుకి రెండు చేతులూ కావాలి.

"చూడమ్మా. కిల్టంటే ఇదీ. పందొమ్మిది వందల ముప్పై ఒకటిలో ఈ ఊళ్లోనే మా తాత పెళ్లి. శనివారం. విందు ముగియకుండానే పెళ్లాం చెయ్యి పట్టుకుని దీవి దారి పట్టాడు. చచ్చేదాకా మళ్లీ ఇక్కడ కాలు పెట్టలేదు. పట్నమంటే అంత రోత ఆయనకి. మా నాన్న ఇదే కట్టాడు, నేనూ ఇదే."

ఇష్బెల్ గుడ్డ వేళ్ల మధ్య నలిపి చూసింది. "మంచి నేత. కానీ మీ మెకాస్కిల్ వంశం గళ్లు ఇవి కావేమోనండీ..."

"మా తాత కట్టినవే మా గళ్లు."

"నాకది పట్టదు నాన్నా," అన్నాడు స్ట్రూఅన్. "నా నడుం సంగతి నీకు తెలుసుగా."

ఇష్బెల్ టేపు చుట్టి చూసింది. "బెత్తెడు తక్కువ. ఫరవాలేదు, కుచ్చిళ్లు కొంచెం వదిలితే సరిపోతుంది. లోపలి అస్తరు విప్పాలంతే."

"వద్దు!"

స్ట్రూఅన్ అంత గట్టిగా అనేసరికి ఇద్దరూ అతని వంక చూశారు.

"ఎందుకొద్దు?"

"ఆ అస్తరు అమ్మ కుట్టింది."

నిజమే. పెళ్లయిన కొత్తలో, పాత అస్తరు చీకిపోయిందని ఎఫీ దానిమీద కొత్త గుడ్డ వేసి కుట్టింది. ఆ తర్వాత ఎక్కడ పోగు ఊడినా తనే. దర్జీ చెయ్యి పడనిచ్చేది కాదు. మొగుడి చెయ్యీ పడనిచ్చేది కాదు. తన మీద ఆవిడకి గౌరవముందని ఫార్కర్‌కి ఏనాడూ అనిపించలేదు. కిల్టు విషయంలో మాత్రం వంక పెట్టలేకపోయాడు.

"ఎవర్నీ విప్పనివ్వనని అమ్మకి మాటిచ్చాను నాన్నా. ఆఖరి వారంలో, ఆస్పత్రిలో."

"విన్నావామ్మా? పరాయింటి నుంచి వచ్చిన దానికి అంత భక్తి. వీడికి ముత్తాత బట్టంటే రోత."

"రోత కాదు."

"మరేమిటి?"

స్ట్రూఅన్ పాత కిల్టు మడిచి పెట్టెలో పెట్టబోయాడు.

"రోతే. విను. పెళ్లినాడు నువ్విది కడితేనే నేను చర్చి గడప తొక్కేది. ఆ గోనెసంచి కట్టావా, నాకు కొడుకే లేడు."

స్ట్రూఅన్ మొహం పాలిపోయింది.

"రాకు నాన్నా. నువ్వు రాకపోయినా సరే. దాన్ని మాత్రం విప్పించకు."

తండ్రి కంటే గోనెసంచే ఎక్కువైంది! ఫార్కర్‌కి కన్న కొడుకు మొహం చూడ్డానికి కూడా అసహ్యమేసి, ఇష్బెల్ వైపు తిరిగాడు.

"విప్పమ్మా. నా సొత్తు, నేను చెప్తున్నా."

ఇష్బెల్ కత్తెర మొన కుట్టు కింద దూర్చింది. ఎఫీ కుట్లు ఆవగింజల్లా ఉన్నాయి, రెండేసి వరసలు. ఒక్కటీ తేలిగ్గా తెగలేదు. చివరికి గుడ్డ వెనక్కి మడిచింది. కింద పాత అస్తరు. చీకిపోలేదు. ఎక్కడా చిరుగైనా లేదు.

ఇష్బెల్ చెయ్యి ఆగిపోయింది. స్ట్రూఅన్ వంక చూసింది. అతను గోడ వైపు తిరిగాడు.

"ఏమిటమ్మా, చిల్లా?" ఫార్కర్ కళ్లజోడు పెట్టుకుని వంగాడు.

నల్ల సిరా ముద్ర. తొంభై ఏళ్లు దాటినా అక్షరం చెరగలేదు. పైన ఇన్వర్నెస్‌లోని ఏదో దుకాణం పేరు, దాని కింద ఒకే ఒక్క వాక్యం.

"సోమవారం తిరిగి ఇవ్వవలెను."