రెండో సంతకం

దేశంలోని ఆసుపత్రులన్నీ వాడే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఇప్పుడు కృత్రిమ మేధ యంత్రమే తిరగరాస్తోంది. మార్పులు చదివి సంతకం చేయడానికి ఇద్దరు మనుషులే మిగిలారు: కాకినాడలో దాక్షాయణి, కర్నూలులో మస్తాన్. ఇద్దరి సంతకాలూ పడితేనే మార్పు ఆసుపత్రులకు చేరుతుంది. ఇరవై ఏళ్లు కలిసి పనిచేసినా ఒకరినొకరు చూసుకోలేదు.

మూడు రోజులుగా మస్తాన్ సంతకం రాకపోయేసరికి ఆమె ఫోన్ చేసింది. అతని కూతురు ఎత్తింది.

"నాయన శుక్రవారం పోయినాడత్తా. దినాం పొద్దున మీ సంతకం చూసి, 'అక్క లేచింది' అంటాండె. ఆ తర్వాతే టీ తాగుతాండె."

దాక్షాయణి ఫోన్ పెట్టేసి, మస్తాన్ ఇక లేడని యంత్రానికి చెప్పింది.

"రెండో సంతకం నిబంధన తీసేయమంటారా?" యంత్రం మర్యాదగా అడిగింది.

"ఇంకో మనిషిని వెతుకు," అందామె.

యంత్రం వెతికింది. ఈ కోడ్ చదవగలిగినవాళ్లు ఇంకెవరూ లేరని చెప్పింది. అవతల ఆసుపత్రులు ఎదురుచూస్తున్నాయి. దాక్షాయణి ఆ నిబంధనలో ఉన్న మస్తాన్ పేరును ఒక్కో అక్షరంగా తన చేత్తోనే చెరిపి, ఒంటిసంతకం పెట్టింది.