మీలో ఒకరు

"అమ్మా, జర లెవ్వు. అది పార్టనర్ల కుర్చీ."

రష్మి అలా అన్నా ఊడ్చే ఆమె లేవలేదు సరికదా, చీపురు ఒళ్ళో పెట్టుకుని ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

"నాకు గూడ నాలుగు నెలల జీతం రాలే మేడం. నేనెందుకు కూసోవద్దు?"

"నీకు షేర్లున్నయా?"

"అడిగిన. ఊడ్చేదానికి షేర్లేందని సారు నవ్విండు."

గేటు ముందు షామియానా కింద ధర్నాకు కూర్చున్నవాళ్ళూ నవ్వారు. ఆమె అందరివంకా ఒకసారి చూసి, అప్పుడు లేచింది.

ఫిల్మ్‌నగర్‌లో సినిమాలకు గ్రాఫిక్స్ చేసే ఆ కంపెనీకి తాళం పడి వారమైంది. ఊళ్ళో ప్రతివాడూ కంప్యూటర్ కోర్సులో చేరుతున్న రోజులవి. జీతం కాస్త తగ్గించి షేర్లిస్తానంటే ఎగిరి గంతేసిన రోజులు. "మీరు నా దగ్గర పనిచెయ్యడం లేదు, నాతో కలిసి చేస్తున్నారు" అని యజమాని తలా ఒక కాగితం ఇచ్చాడు. నలభైమందీ దాన్ని ఫ్రేము కట్టించుకున్నారు. ఆ ఫ్రేము ఖర్చు కూడా ఎవరిది వాళ్ళే పెట్టుకున్నారు.

ఇప్పుడు యజమాని ఫోనెత్తడం లేదు. కృష్ణానగర్‌లో రష్మి గదికి మూడు నెలల కిరాయి బాకీ. అయినా తల దించేది లేదని గేటుకు తనే బ్యానర్ తయారుచేసి కట్టింది.

'మేం పనివాళ్ళం కాదు. భాగస్వాములం!'

మధ్యాహ్నం పాత స్కూటరు మీద నల్లకోటు మనిషి ఒకడు వచ్చాడు. పేరు థామస్, లాయరు. మునిగిపోయిన కంపెనీల కేసులు చూస్తాడట. సంచిలోంచి ఫారాల కట్ట తీశాడు.

"అమ్మా, హైకోర్టు ఈ కంపెనీని మూసేసి, ఆస్తులమ్మి బాకీలు తీరుస్తుందండీ. పనివాళ్ళ జీతాలూ బ్యాంకు అప్పూ ముందు వరస. షేర్లున్నవాళ్ళది ఆఖరి వరస, అక్కడిదాకా రూపాయి రాదు. అందుకని 'పనివాళ్ళం' అని ఇక్కడ సంతకాలు పెట్టండి."

రష్మి బ్యానర్ చూపించింది.

"చదువొచ్చా సార్ మీకు?"

"వచ్చు. చదివే భయపడుతున్నానండీ."

"పనోళ్ళమని మా చేత్తోనే రాయించుకుని, షేర్లు గుంజుకుందామనా? ఎవరు పంపిన్రు మిమ్మల్ని? బ్యాంకోళ్ళా, మా సారా?"

"మీలో ఒకరే పంపారు. పేరు చెప్పొద్దన్నారు. చెబితే మీరసలే పెట్టరట."

రష్మి వెనక్కి తిరిగింది. ముప్పై తొమ్మిది మొహాలూ వరసగా చూసింది.

"ఎవరు పంపిన్రో చెప్పుండ్రి!"

ఒక్క చెయ్యీ లేవలేదు.

"అబద్ధం గూడ సక్కగ ఆడరాదు మీకు!" అంటూ కట్ట లాక్కుని పరపరా చింపేసింది. చప్పట్లు మోగాయి.

థామస్ కోప్పడలేదు. "అందరి తరఫునా ఒక్కరు నిలబడినా చాలమ్మా, అలా రూలుంది" అని స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

ఊడ్చే ఆమె వచ్చి కాగితం ముక్కలన్నీ పోగుచేసి ఎత్తుకుపోయింది.

పది రోజులకు షామియానా విప్పేశారు. కొన్నాళ్ళకు ఫ్రేము అటకెక్కింది. కోర్టులో బ్యాంకు లాయరు ఆ బ్యానర్ ఫోటోనే జడ్జి ముందు పెట్టి, "పనివాళ్ళం కాదని వాళ్ళే రాసుకున్నారు, ఇంక జీతాలేమిటి?" అన్నాడని పేపర్లో వచ్చింది. ఆ రోజు రష్మికి అన్నం సయించలేదు. తన గోతిని తనే అంత అందంగా డిజైన్ చేసుకుంది మరి.

ఏడాదిన్నర తర్వాత, గది ఖాళీ చెయ్యమని ఇంటి ఓనరు గడువు పెట్టిన వారంలోనే, కంపెనీ ఆస్తులమ్మిన ప్రభుత్వ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. జీతం బకాయి చెక్కు తీసుకెళ్ళమని.

అక్కడి గుమాస్తా ఆదినారాయణ కుర్చీ చూపించాడు. "కూర్చుని సంతకం పెట్టండమ్మా."

"మేమెవరం ఫారమే ఇయ్యలేదు కద సార్?"

"మీ అందరి తరఫునా నీలమ్మగారు వేశారు కదండీ. నలభై ఒక్క పేర్లు, ఒక్క వేలిముద్ర. మీరు పనివాళ్ళేనని కోర్టు నమ్మింది ఆవిడ మాట మీదే."

"నీలమ్మ ఎవరు?"

ఆదినారాయణ కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"బాగుంది! ఆవిడ చెక్కొక్కటే మిగిలిపోయింది. ఉత్తరం వెనక్కొచ్చింది. థామస్ గారి దగ్గరికీ రావడం మానేసిందట, ఆయన వెళ్ళి చూస్తే గది ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఎక్కడుందో మీలో ఎవరికైనా తెలుసేమోనని వచ్చినవాళ్ళందరినీ అడుగుతున్నాను. ఒక్కరూ చెప్పరే!"

ఫైలు ఇటు తిప్పాడు. ఆమె చెప్పిన మాటల్ని చెప్పినట్టే రాసి, కింద వేలిముద్ర వేయించాడు థామస్.

రష్మి కూర్చోలేదు. నిలబడే చదివింది.

"నా పేరు నీలమ్మ. పొద్దుగాల థామస్ సారు ఆఫీసు ఊడుస్త, ఆన్నించి పోయి కంపెనీ ఊడ్చేదాన్ని. నేను పోయేసరికి వీళ్ళు టేబుళ్ళ మీద తలపెట్టి పండుకొని ఉండేటోళ్ళు. ఒక్కొక్కల్ని లేపి, కాళ్ళు పైకి పెట్టమని, కింద ఊడ్చేదాన్ని. గేటు మీద ఏం రాసుకున్నరో నాకు చదువరాదు. నాకు తెలిసింది చెప్తున్న. వాళ్ళు మాలికులు కారు జడ్జి సాబ్, నా లెక్కనే పనోళ్ళు."