మూడు బెలూన్ల నీడ

మన్యంలో పంగి చిలకమ్మ ఇంటిమీద మూడు కంపెనీల ఇంటర్నెట్ బెలూన్లు వేలాడుతున్నాయి. ఆమె ఎవరి కనెక్షన్ వాడితే వాళ్లకే ప్రభుత్వ సబ్సిడీ. అందుకే ఏ ఒక్కటీ కదలదు. వాటి నీడలో పసుపు ఆరక చిలకమ్మ తల పట్టుకుంది.

తనిఖీకి వచ్చిన టెలికాం నియంత్రణ మండలి అధికారి సుభాషిణి, "ఏది బాగుందమ్మా?" అని అడిగింది.

"మాకొకటి సాలు తల్లీ. కొండవతల మా సెల్లి ఊరికి ఒక్కటీ లేదు. ఇక్కడ ఒకటుంచి, మిగతా రెండూ అటెల్తేనే సబ్సిడీ అని సెప్పండి."

సుభాషిణి పకపకా నవ్వి, ముంజేతి తెరమీదే ఉత్తర్వు ఇచ్చేసింది. రెండు బెలూన్లు తోసుకుంటూ కొండ దాటాయి. వాకిట్లో ఎండ పడింది. కాసేపటికి చిలకమ్మ ఫోను మోగింది.

"అక్కా, నానే! మా ఇంటిమీద రెండు బెలూన్లు కొట్టుకుంటన్నాయే!"

"కొట్టుకోనీయే. ముందు నువ్వెలాగున్నావో సెప్పు," అంటూ చిలకమ్మ పసుపు పక్కనే చతికిలబడింది.