బుడగలు పోకముందే

"బుడగలు పోకముందే తాగాలె," అంటూ సంజన గ్లాసును భార్యాభర్తల మధ్య బల్ల మీద పెట్టింది.

తాండూరులో ఆమె నడిపే చిన్న క్లినిక్ అది. కోట్‌పల్లి నుంచి బస్సులో వచ్చి మేడమెట్లు ఎక్కేసరికి మల్లప్పకు తలప్రాణం తోకకొచ్చింది. ముందు ఎక్కిన రామమ్మే చెయ్యి అందించింది. ఆమెకు జబ్బని విన్నప్పటి నుంచి బెంగతో తన కాళ్లూ పట్టు తప్పుతున్నాయనుకున్నాడు.

"ముందు నువ్వు తాగు," అంది రామమ్మ.

"రోగం నీకా, నాకా?"

"గొర్రెకు మందు పోసేముందు నువ్వు రుచి చూస్తవ్ గదా. నేను గొర్రెకంటె తక్కువనా?"

మల్లప్ప తాగాడు. ఇంకో గుక్క, ఇంకో గుక్క అంటూ ఆమె వదల్లేదు. చివరికి ఆమెకు అడుగున కాసిని నీళ్లే మిగిలాయి.

వికారాబాద్ డాక్టరు దగ్గరా ఇదే పంతం. "మందల ఒకదానికి సుస్తయితే అన్నిటినీ చూస్తం గదా," అని ఇద్దరి రక్తమూ ఇప్పించింది. రిపోర్టులు వచ్చిన రోజు, మల్లప్ప చాయ్ తెచ్చేసరికి ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. తిన్న తిండిని బలంగా మార్చే పని తన ఒంట్లోని కణాల్లో కుంటుపడిందని ఆమే చెప్పింది. మందు లేదట.

"ఈ హైడ్రోజన్ గాలి కలిపిన నీళ్లతోని గా పని జర మెరుగైతదేమోనని పరిశోధనలు నడుస్తున్నయి. తగ్గుతదని మాత్రం నేను చెప్పలేను," అంది సంజన. మల్లప్ప వైపు తిరిగి, "కాళ్లల్ల బలమెట్లుంది?" అని అడిగింది.

"గట్లనే ఉందంటది బిడ్డా," అని భార్య తరఫున అతనే చెప్పాడు.

ఈనలేక పడిపోయిన గొర్రెలను ఎన్నిటినో బతికించిన చేతులు అతనివి. ఇప్పుడు ఖాళీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాయి. మల్లప్పకు ఏడుపొచ్చింది.

"నాకే వస్తే గిట్ల తిరుగుదునా? మంద కాడ గొంగడి కప్పుకొని పండుకుంటుంటి. నీకోసమే వస్తున్న."

"తెల్వదా నాకు," అంది రామమ్మ. "బస్సొచ్చిందేమో చూడు పో."

మల్లప్ప రెండు మెట్లు దిగి భుజం తడుముకున్నాడు. గొంగడి లోపలే మరిచాడు. గోడ పట్టుకుని మళ్లీ తలుపు దాకా వచ్చాడు.

లోపల రామమ్మ సంజనతో అంటోంది.

"జబ్బు ఆయనదని ఇంకా చెప్పలే, బిడ్డా."