మీ మగాళ్ళని పిలవండి

"మగాళ్ళేరమ్మా?" మైకుని చేత్తో మూసి మళ్ళీ అడిగాడు గౌరీశంకర్.

ముందు వరసలో కూర్చున్న ముసలామె గున్నమ్మ తల అడ్డంగా ఊపింది. "లేరు బాబూ. మీరు సెప్పండి, మేం వింటన్నాం."

గౌరీశంకర్‌కి ఒళ్ళు మండింది. ఊరూరా తిరిగి ఎయిడ్స్ గురించి చెప్పడం అతని ఉద్యోగం. మాడుగులలో ఆ మాట ఎత్తగానే మగాళ్ళు నవ్వుకుంటూ లేచిపోయారు. దేవరాపల్లిలో అసలు కూర్చోనేలేదు. చోడవరంలో లారీ డ్రైవర్లు కాపురాలుండే వీధి ఇది. ఆదివారమైతే నలుగురైనా ఇంటిపట్టున దొరుకుతారని పై అధికారితో పోట్లాడి మరీ వచ్చాడు. తీరా చూస్తే ఆడవాళ్ళూ, ముసలివాళ్ళూ, పిల్లలూ!

కరెంటు లేదు. మసక చీకట్లో కొంగులు కప్పుకున్న ముఖాలు సరిగా ఆనడం లేదు. జీపు బ్యాటరీ మీద మైకు గురగురలాడుతోంది. అయినా మొదలుపెట్టాడు.

"ఆఫ్రికాలో కొన్ని దేశాల్లో ఈ జబ్బు వల్ల చావులెంత పెరిగాయో తెలుసా? ముసలివాళ్ళు కాదు, పాతిక ముప్ఫై ఏళ్ళవాళ్ళు రాలిపోతున్నారు. పొలం దున్నే చేతుల్లేవు. మనవల్ని ముసలమ్మలు సాకుతున్నారు!"

ఎవరూ ఉలిక్కిపడలేదు. ఒక్కరి నోటా 'అయ్యో' అన్న మాట రాలేదు.

"ఇంత చెప్తున్నా మీకు చీమ కుట్టినట్టయినా లేదేంటమ్మా?"

"అలాగనకండి బాబూ," అంది గున్నమ్మ. "అది రాకుండా ఏటి సెయ్యాలో సెప్పండి. ఈ గుంటలకి అర్థమయినట్టు సెప్పండి." పక్కనున్న పిల్లల్ని ముందుకు జరిపింది.

"ఈ పసివాళ్ళకి ఇప్పుడెందుకు? లారీలెక్కేది వీళ్ళా? వీళ్ళ నాన్నలకి చెప్పాలి! సిగ్గుపడి ఇళ్ళల్లో దాక్కున్నారా, పేకాటకి పోయారా?"

వెనక ఎవరో బిడ్డని జోకొడుతున్నారు.

అతను మైకు కట్టేసి తీగ చుట్టడం మొదలుపెట్టాడు. "ఈ ఒక్క వీధికి రావడానికి ఎంతమంది కాళ్ళు పట్టుకున్నానో మీకేం తెలుసు! సరే, వాళ్ళు ఊళ్ళో ఉండే రోజేదో చెప్పండి. ఆ రోజే వస్తాను."

గున్నమ్మ లేచి, అతన్ని వెళ్ళనివ్వనట్టు ఆ తీగ రెండో కొస పట్టుకుంది.

"ఆళ్ళందరూ ఆ జబ్బుతోనే పోయేరు బాబూ."