ఇత్తడిపిట్ట

"మాట తప్పు" అని తెర మీద ఎర్రగా పడింది. అది పదకొండోసారి.

"ఇంకోసారి కొట్టమ్మా. ఇత్తడిపిట్ట. మీ అమ్మని నేను పిలిచే పేరు," అన్నాడు తండ్రి.

కూతురు ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టింది. మళ్లీ ఎరుపే. వెనక నిలబడ్డ ఆమె అన్నయ్య నిట్టూర్చాడు. నాన్న పట్టిన కుందేలుకి మూడే కాళ్లని అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

పెద్దాయన నలభై ఏళ్లు తాళాలు బాగుచేసి ఇల్లు నడిపాడు. భార్య పోయాక కంప్యూటర్లో డైరీ రాయడం అలవాటు చేసుకున్నాడు. దానికి తాళం పెట్టింది కూతురే, ఆమెది ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. పాత తాళం నాసిరకమని అంతకు ముందు నెల తీసేసి, గంటలో కొత్త తాళం ప్రోగ్రాము రాసిపెట్టింది. తెరవడానికి కొత్త రహస్య మాట పెట్టుకోమని చెప్పి, ఆఫీసుకు వేళైందని వెళ్లిపోయింది. ఆ మర్నాటి నుంచి డైరీ తెరుచుకుంటే ఒట్టు.

వెళ్లేముందు ఆ తాళం గొప్పతనం మాత్రం విడమరిచింది. మాటని ఉన్నదున్నట్టు దాచదట. చిటికెడు ఉప్పు కలిపి ముద్దగా నూరి, ఆ ముద్దని దాస్తుందట. ఉప్పంటే ఏవో అడ్డదిడ్డం అక్షరాలు, నూరిన ప్రతిసారీ కొత్తవి. తెరిచేటప్పుడు కొట్టిన మాటనీ అలాగే నూరి, దాచిన ముద్దతో పోల్చి చూస్తుందట. నూరాక ఆ మాటేమిటో తాళం రాసిన తనకి కూడా తెలియదట.

పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. "ప్రతిసారీ పళ్లు మారిపోతే తాళంచెవి ఏం చేస్తుందమ్మా?"

"తాతకి దగ్గులు నేర్పకు నాన్నా," అని ఆమె నవ్వేసింది.

ఇప్పుడు నవ్వే పరిస్థితి లేదు. ఆయన ఓసారి పొయ్యి ఆపడం మరిచాడు. మతిమరుపు వాళ్లని చూసుకునే ఆశ్రమంలో చేర్పిద్దామని అన్నయ్య పట్టుబట్టాడు. ఈ వయసులో కాస్త మరపు మామూలేననీ, రోజూ వాడే మాటే గుర్తులేకపోతే మాత్రం ఒంటరిగా ఉంచొద్దనీ డాక్టరు అన్నాడు. నాన్న తన తాళం తాను తీస్తే ఇంట్లోనే ఉంటాడని అన్నయ్యతో పందెం కట్టినంత ధీమాగా చెప్పింది కూతురు.

పన్నెండోసారి తరవాత ఆమె ల్యాప్‌టాప్ మూసేసింది.

"నాకు గుర్తుందమ్మా. నువ్వైనా నమ్ము."

"తాళానికి అబద్ధమాడాల్సిన పనేముంది నాన్నా?"

ఆయన లేచి లోపలికి వెళ్లాడు. చొక్కా మార్చుకుని వచ్చి కారెక్కాడు.

ఆశ్రమంలో మొదటి నెలంతా కనిపించిన వాళ్లందరికీ ఇత్తడిపిట్ట సంగతి చెప్పాడు. నర్సులు పాపం అనుకుంటూ తలూపారు. రెండో నెల చెప్పడం తగ్గింది. మూడో నెల అసలు మాటలే తగ్గాయి. నిన్న కూతురు వెళితే, కిటికీ వైపు చూస్తూ మెల్లగా అన్నాడు. "నువ్వన్నదే నిజమమ్మా. నేనే మరిచిపోయాను. మీ అమ్మని నేను అలా పిలిచానో లేదో కూడా ఇప్పుడు తెలియట్లేదు."

మొండితనం వదిలాడు కదా, ఇక కుదుటపడతాడని అన్నయ్య ఫోన్లో సంతోషించాడు. ఆమె మాత్రం బస్సులో అంత మంది మధ్య ఏడ్చేసింది.

ఇవాళ సెలవు. ఎవరికీ చెప్పుకోలేక, తండ్రిలాగే డైరీ రాయడానికి కూర్చుంది. నాలుగు వాక్యాలు రాసి, దానికీ ఆ తాళమే వేసింది. తాను రాసిన తాళాన్ని తాను వాడటం అదే మొదటిసారి. మాటగా "నాన్న" అని పెట్టింది. సరిగ్గా పడిందో లేదోనని, వెంటనే తెరవబోతూ అదే "నాన్న" అని కొట్టింది.

"మాట తప్పు" అని ఎర్రగా పడింది.